చార్లెస్ వైట్: మరుపు ఎవరిది? గౌరవం దేనికి?

ఒక కళాకారుణ్ణి లోకం మరిచిపోయిందనీ, తర్వాతి తరంవారు వచ్చి ఆయన్ని వెలుగులోకి తెచ్చారనీ మనం తరచుగా రాస్తుంటాం. ఆ వాక్యంలో ‘లోకం’ అంటే ఎవరో మాత్రం చెప్పం. మరిచిపోయినవారెవరు, ఎందుకు మరిచిపోయారు, గుర్తుచేసినవారు దేన్ని గుర్తుచేశారు అన్న మూడు ప్రశ్నలూ వేసుకోకపోతే, గౌరవించడమన్నది శాలువా కప్పి ఫోటో తీయించుకోవడంతో ముగిసిపోతుంది. అమెరికా నల్లజాతి చిత్రకారుడు చార్లెస్ వైట్ (1918–1979) విషయంలో ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానాలు దొరుకుతాయి. ఆయన దగ్గర బొమ్మలు గీయడం నేర్చుకున్న డేవిడ్ హామన్స్, కెర్రీ జేమ్స్ మార్షల్ అనే ఇద్దరు చిత్రకారులు 2017, 2018 సంవత్సరాల్లో గురువుకు అర్పించిన గౌరవం, రచయితలు కూడా ఆలోచించదగ్గది. అందుకే ఒక తెలుగు పంతులు చిత్రకళను గురించి ఈ పుటల్లో రాయడానికి సాహసిస్తున్నాడు. వైట్ బొమ్మల్ని నేను అచ్చులో తప్ప చూడలేదు. అయితే ఆయన అచ్చును నమ్ముకుని గీసిన చిత్రకారుడు కనుక, ఆ లోటు ఇక్కడ మరీ పెద్దది కాదనుకుంటాను.

బడి చెప్పని చరిత్ర

వైట్ 1918 ఏప్రిల్ 2న చికాగోలో పుట్టాడు. తల్లి ఎథెలీన్ మిసిసిపీ రాష్ట్రం నుంచి వలస వచ్చిన మనిషి. ఇళ్ళలో పనిచేసి కొడుకును పెంచింది. పనికి పోయేటప్పుడు పిల్లవాణ్ణి పబ్లిక్ లైబ్రరీలో వదిలి వెళ్ళేది. చదువుకున్నవారి ఇళ్ళలో పిల్లలకు తండ్రి బీరువాలో దొరికే పుస్తకాలు ఈ పనిమనిషి కొడుక్కి ఊరుమ్మడి లైబ్రరీలో దొరికాయి. అక్కడే, ఇంకా మీసం రాని వయసులో, అలెన్ లాక్ సంకలనం చేసిన ‘ది న్యూ నీగ్రో’ (1925) అతని చేతికి వచ్చింది. తన జాతిలో కవులున్నారనీ, చిత్రకారులున్నారనీ, ఆలోచనాపరులున్నారనీ బడి అతనికి చెప్పలేదు. ఆ పుస్తకం చెప్పింది.

అప్పుడతను తరగతిలో లేచి అడిగాడు: మన చరిత్ర పాఠంలో ఫ్రెడరిక్ డగ్లస్ ఎందుకు లేడు? క్రిస్పస్ అటక్స్ ఎందుకు లేడు? నోరు మూసుకుని కూర్చోమన్నది జవాబు. ఆ తర్వాత అతను ఆ తరగతిలో నోరు విప్పడమే మానుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా బల్లకు ఇవతల నిలబడి పాఠాలు చెబుతున్నవాణ్ణి కనుక ఈ సంఘటన దగ్గర నేను ఆగవలసి వచ్చింది. ఆ పిల్లవాడు పాఠం ఎగ్గొట్టడానికి ప్రశ్న వేయలేదు. పాఠాన్ని పూర్తి చేయమన్నాడు. బడి ఆ పని చేయలేదు గనుక, మిగిలిన జీవితమంతా తన బొమ్మలతో తానే చేశాడు.

చదువు ముగుస్తుండగా రెండు కళాశాలలు అతనికి ఉపకారవేతనాలు ప్రకటించి, నల్లవాడని తెలిశాక వెనక్కి తీసుకున్నాయి. చివరకు 1937లో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పాఠశాలలో చేరగలిగాడు. కాని అంతకు ముందే అతనికి మరొక పాఠశాల దొరికింది. చికాగో దక్షిణ భాగంలో ‘ఆర్ట్ క్రాఫ్ట్స్ గిల్డ్’ అనే చిన్న బృందం ఉండేది. జార్జ్ నీల్ అనే నల్లజాతి చిత్రకారుడు దాని పెద్ద. బృందంలోని వారు తలా కొంత పోగుచేసి, ఇళ్ళలో చిన్న చిన్న వేడుకలు జరిపి డబ్బు కూడబెట్టి, తమలో ఒకరిని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తరగతికి పంపేవారు. వెళ్ళినవాడు నేర్చుకున్నదంతా తిరిగి వచ్చి మిగతావారికి నేర్పాలి. ఒక్కడు నేర్చుకోవడం అందరి కోసమే అన్న ఈ కట్టుబాటు వైట్ జీవితంలో తొలి కళాసిద్ధాంతం. ఆయన శిష్యులు చేసిన పని అర్థం కావాలంటే దీన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి.

బొగ్గు, సిరా, అచ్చు

1938లో వైట్ ప్రభుత్వ ఉపాధి పథకం కింద నడిచిన ఇలినాయ్ ఆర్ట్ ప్రాజెక్టులో చేరాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా ప్రభుత్వం చిత్రకారులకు కూడా కూలీ ఇచ్చి కుడ్యచిత్రాలు వేయించిన పథకం అది. అక్కడ ఆయన వేసిన తొలి పెద్ద చిత్రం ‘ఐదుగురు మహా అమెరికన్ నీగ్రోలు’ (1939–40). అందులో ఎవరిని వేయాలో ఆయన తానుగా నిర్ణయించలేదు. నల్లజాతి పత్రిక ‘చికాగో డిఫెండర్’ పాఠకుల ఓట్లతో ఆ ఐదుగురినీ ఎంపిక చేశారు: సోజర్నర్ ట్రూత్, బుకర్ టి. వాషింగ్టన్, ఫ్రెడరిక్ డగ్లస్, జార్జ్ వాషింగ్టన్ కార్వర్, గాయని మేరియన్ ఆండర్సన్. కొన్నేళ్ళ కింద తరగతి గదిలో నోరు మూయించిన ప్రశ్నకు జవాబు గోడంత పెద్దదై, జనం ఓటుతో వచ్చింది. 1943లో వర్జీనియాలోని హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్ గోడ మీద, అమెరికా ప్రజాస్వామ్యానికి నల్లజాతి చేసిన దోహదాన్ని మరో పెద్ద చిత్రంగా మలిచాడు.

1944లో సైన్యంలోకి తీసుకున్నారు. మిసిసిపీ వరదల్లో గట్లు కాపాడే పనిలో ఉండగా క్షయ పట్టుకుంది. ఏళ్ళు ఆస్పత్రిలో గడిచాయి. ఊపిరితిత్తులు మళ్ళీ పూర్తిగా బాగుపడలేదు. 1946లో అప్పటి భార్య, శిల్పి ఎలిజబెత్ కాట్లెట్‌తో కలిసి మెక్సికో వెళ్ళాడు. అక్కడి ‘ప్రజా ముద్రణశాల’ (తాయెర్ దె గ్రాఫికా పోపులార్) చిత్రకారులు చెక్కమీదా లినోలియం మీదా చెక్కిన బొమ్మల్ని చౌకగా అచ్చువేసి రైతులకూ కార్మికులకూ చేరవేసేవారు. ఒక బొమ్మ ఒక్క ధనవంతుడి గోడమీదే ఉండనక్కరలేదనీ, వెయ్యి గుడిసెల్లో ఉండవచ్చుననీ వైట్ అక్కడ కళ్ళారా చూశాడు.

అప్పటినుంచి ఆయన ప్రధాన సాధనం రంగు కాదు, రేఖ. బొగ్గు, సిరా, క్రేయాన్, లితోగ్రాఫ్. 1953–54 ప్రాంతంలో వామపక్ష సాహిత్య పత్రిక ‘మాసెస్ అండ్ మెయిన్‌స్ట్రీమ్’ ఆయన ఆరు చిత్రాలను విడి కాగితాలుగా అచ్చువేసి, ఒక అట్టలో పెట్టి చౌకగా అమ్మింది. అందులోనిదే ‘హార్వెస్ట్ టాక్’ (1953). ఇద్దరు రైతులు. ఒకడు పొడుగు పిడి కొడవలికి పదును పెడుతున్నాడు. చూపరి కన్ను ముందు ఆ చేతుల మీదికి పోతుంది. పెద్దవి, బరువైనవి, రాయిలో చెక్కినట్టున్నవి. వైట్ బొమ్మల్లో చేతులు ఎప్పుడూ ముఖాలతో సమానంగా మాట్లాడతాయి. ఇక్కడ శ్రమజీవి జాలిపడవలసిన దీనుడు కాడు, ఊరేగించవలసిన విగ్రహమూ కాడు. తన పని తెలిసిన మనిషి. ఆ మనిషిలోని హుందాతనమే వైట్ జీవితాంతం గీసిన వస్తువు.

1966లో ‘ఎబొని’ మాసపత్రిక నల్లజాతి స్త్రీని గురించి తెచ్చిన ప్రత్యేక సంచికకు ఆయన ‘జాక్యూజ్’ వరుసలోని స్త్రీ చిత్రమే ముఖచిత్రమయింది. ఆ వరుస పేరు ఎమీల్ జోలా 1898లో రాసిన బహిరంగ లేఖ శీర్షికే: ‘నేను నేరం మోపుతున్నాను’. 1969లో మొదలుపెట్టిన ‘వాంటెడ్ పోస్టర్’ వరుసలో ఆ నేరారోపణ మరింత పదునెక్కింది. పారిపోయిన బానిసల్ని పట్టి తెచ్చినవారికి బహుమానం ప్రకటించే పాత కాగితాలు, బానిసల వేలం ప్రకటనలు ఆయన కంటబడ్డాయి. వాటిలోని వెలల్ని, అంకెల్ని, మడతలు పడ్డ కాగితపు ముడతల్ని తీసుకుని, వాటి నడుమ తన కాలపు నల్లజాతి స్త్రీ పురుషుల్ని నిలబెట్టాడు. నూరేళ్ళ కిందటి కాగితం మీద నేటి ముఖం. చట్టం మారింది గాని వెల కట్టే చూపు మారలేదని చెప్పడానికి ఇంతకు మించిన శిల్పం అక్కరలేదు.

మరుపుకు కారణాలు

ఇంతటి చిత్రకారుడు అమెరికా కళాచరిత్రలో దశాబ్దాలపాటు ఎందుకు వెనక వరుసలో ఉండిపోయాడు? మొదటి కారణం అందరికీ తెలిసిందే, రంగు. ఉపకారవేతనం ఇచ్చి లాక్కున్న సంస్థల వైఖరే మ్యూజియాల వైఖరి కూడా. రెండవది రాజకీయం. 1951లో ఆయన బెర్లిన్ ప్రపంచ యువజనోత్సవానికీ, సోవియట్ యూనియన్‌కూ వెళ్ళి వచ్చాడు. మెకార్తీ రోజుల్లో ఇది చిన్న నేరం కాదు. ఎఫ్.బి.ఐ. ఆయన మీద ఫైలు నడిపింది.

మూడవ కారణం సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసింది, రూపం. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత న్యూయార్క్ కళాలోకం అమూర్త చిత్రకళను ఆధునికతకు ఏకైక గుర్తుగా నిలబెట్టింది. మనిషిని మనిషిగా గుర్తుపట్టేలా గీయడమే వెనకబాటుతనమైపోయింది. అందులోనూ వైట్ ప్రధానంగా రేఖాచిత్రకారుడు. మ్యూజియం లెక్కలో కాన్వాసు మీద తైలవర్ణం అన్నకు పెద్దపీట, కాగితం మీద బొగ్గు తమ్ముడికి అరుగు. ఈ మూడు కారణాలూ దేనికది విడిగా పనిచేయలేదు. ‘రంగు వల్ల కాదు, రాజకీయం వల్ల కాదు, కేవలం కళాప్రమాణం వల్లనే’ అని చెప్పుకోవడానికి రూపవాదం మంచి ముసుగుగా ఉపకరించింది. వస్తువును కాదనలేనివారు శిల్పం సాకుతో తోసిపుచ్చడం మనకూ కొత్త విద్య కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మరిచిపోయిన ‘లోకం’ ఎవరు? నల్లజాతి ఇళ్ళు మరిచిపోలేదు. ఆయన బొమ్మలు పత్రికల అట్టల మీద, గ్రామఫోన్ రికార్డుల కవర్ల మీద, బడిలైబ్రరీ పుస్తకాల్లో బతికే ఉన్నాయి. గాయకుడు హ్యారీ బెలఫాంటే ఆయన మిత్రుడు. 1967లో వెలువడిన వైట్ రేఖాచిత్రాల సంపుటికి ముందుమాట రాశాడు. మరిచిపోయినవి మ్యూజియాలు, విమర్శ గ్రంథాలు, విశ్వవిద్యాలయాలు. ప్రజలకు బాగా తెలిసినవాణ్ణి విద్వాంసులు ఎరగకపోతే, దాన్ని ఆ కళాకారుడి అజ్ఞాతవాసమని రాసుకోవడం మన విమర్శలో ఒక చెడు అలవాటు.

ఓటిస్ తరగతి గది

ఆరోగ్యం కోసం 1956లో కాలిఫోర్నియా చేరిన వైట్, 1965 నుంచి 1979 అక్టోబర్ 3న మరణించేదాకా లాస్ ఏంజెలిస్‌లోని ఓటిస్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాడు. ఎదుట మనిషిని కూర్చోబెట్టి చూసి గీయడం ఆయన బోధనకు పునాది.

1943లో పుట్టిన డేవిడ్ హామన్స్ అరవైల చివర ఆయన తరగతికి వచ్చాడు. వైట్ బొమ్మల్లో నవ్వు ముఖాలు అరుదు. ఆ ముఖాల్లోని వేదనే తనకు దగ్గరగా అనిపించిందని హామన్స్ ఆ రోజుల్లోనే చెప్పాడు. కాని గురువులా గీయలేదు. తన వంటికీ బట్టలకూ జిడ్డు పూసుకుని, కాగితం మీద ఒత్తుకుని, ఆ మరక మీద రంగుపొడి చల్లి బొమ్మలు చేశాడు. ‘ఇన్‌జస్టిస్ కేస్’ (1970)లో కుర్చీకి కట్టేసి, నోట గుడ్డ కుక్కిన మనిషి కనిపిస్తాడు. 1969లో చికాగో న్యాయస్థానంలో బాబీ సీల్ అనే నల్లజాతి నాయకుణ్ణి అలాగే కట్టి కూర్చోబెట్టారు. వైట్ మనిషిని చూసి గీశాడు; శిష్యుడు మనిషినే కుంచె చేశాడు. పద్ధతి వేరు, ప్రశ్న ఒకటే.

కెర్రీ జేమ్స్ మార్షల్ 1955లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, పిల్లవాడిగా లాస్ ఏంజెలిస్ వచ్చాడు. వైట్ పేరు అతనికి మొదట పుస్తకాల్లోని బొమ్మల ద్వారా తెలిసింది. చిన్నతనంలో ఓటిస్‌లో వేసవి చిత్రలేఖనం తరగతికి వెళ్ళినప్పుడు అక్కడి ఉపాధ్యాయుడు పిల్లల్ని వైట్ పనిచేసుకునే గదికి తీసుకువెళ్ళాడు. అక్కడ మార్షల్ చూసినవి సగంలో ఉన్న బొమ్మలు. కొన్ని చోట్ల గీతలే ఉన్నాయి, కొన్ని చోట్ల నీడ పడింది, కొన్ని చోట్ల ఖాళీ. పూర్తయిన బొమ్మ పిల్లవాడికి అద్భుతంలా కనిపిస్తుంది. సగం బొమ్మ పనిలా కనిపిస్తుంది. పని అయితే నేర్చుకోవచ్చు. పెద్దయ్యాక వైట్ ఉన్నాడనే ఓటిస్‌లో చేరి, 1978లో పట్టా పుచ్చుకున్నాడు. నల్లని మనుషుల్ని నిజంగానే కారునలుపుతో, చరిత్ర చిత్రాలంత పెద్ద కాన్వాసుల మీద వేయడం అతని మార్గమయింది. ‘దె స్టైల్’ (1993)లో మంగలి దుకాణంలోని మామూలు మనుషులు రాజసభలో ఉన్నంత ఠీవిగా ఉంటారు. వైట్ బొగ్గుతో కాగితం మీద చెప్పినదాన్ని మార్షల్, మ్యూజియం కాదనలేని వర్ణచిత్రాల్లో, మ్యూజియం గోడ కొలతల్లో చెప్పాడు.

రెండు బొమ్మల గది

2017 అక్టోబరులో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో హామన్స్ ఒక ప్రదర్శన కూర్చాడు. చీకటి గదిలో రెండే చిత్రాలు. ఒకటి వైట్ 1973లో చేసిన ‘బ్లాక్ పోప్’. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు వేళ్ళెత్తి చూపుతూ, మెడలో ప్రకటన పలక వేలాడేసుకున్న వీధి మనిషి. పలక మీద ‘ఇప్పుడే’ అన్న అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు మాట. పైన అస్థిపంజరం కాళ్ళు, ‘చికాగో’ అన్న అక్షరాలు. ప్రకటన మోసే కూలివాడి మీది బట్ట మతాచార్యుడి వస్త్రంలా మడతలు తీరి ఉంటుంది. రెండవది లియొనార్డో డావించీ చిత్రం: మోకరిల్లిన మనిషి వస్త్రపు మడతలు. బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణ నుంచి అరువు తెచ్చినది.

పక్కపక్కన పెట్టడమే హామన్స్ చేసిన వ్యాఖ్య. ‘మా గురువు గొప్పవాడు’ అని అతను చెప్పలేదు. ఇద్దరూ బట్ట మడతను ఎలా చూశారో మీరే చూడండి అన్నాడు. వాటితో పాటు ఇద్దరి జాతకచక్రాలను కూడా, మన దేశపు జ్యోతిష పద్ధతిలో చక్రపాణి ఉల్లాల్ చేత వేయించి పెట్టాడు. ఇద్దరూ ఏప్రిల్‌లో పుట్టినవారే. జాతకాల మీద నాకు నమ్మకం లేదు. ఈ పత్రిక పాఠకుల్లో ఎక్కువమందికి ఉండదు. అయినా అక్కడ జరిగినదాన్ని చూడాలి. ఐరోపా కళాచరిత్ర కొలబద్ద లియొనార్డోను కొలిచినట్టు వైట్‌ను ఏనాడూ కొలవలేదు. హామన్స్ ఆ కొలబద్దను పక్కన పడేసి, ఇద్దరికీ ఒకే బయటి కొలబద్ద పెట్టాడు. గ్రహాలు నిజం కాకపోయినా, ఆ సమానత్వం నిజం.

మరుసటి ఏడాది వైట్ శతజయంతి. ముప్పైయేళ్ళకు పైబడి ఏ పెద్ద మ్యూజియమూ చేయని సమగ్ర ప్రదర్శన 2018 జూన్‌లో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలై, న్యూయార్క్ మీదుగా 2019లో లాస్ ఏంజెలిస్ చేరింది. ఆ గ్రంథానికి మార్షల్ రాసిన వ్యాసం శీర్షిక ‘వైట్ అనే పేరుగల ఒక నల్ల చిత్రకారుడు’ అన్న అర్థాన్నిస్తుంది. ‘నల్లజాతి’ వంటి విశేషణాలేవీ తగిలించకుండా వైట్‌ను బొమ్మకట్టడంలో సిద్ధహస్తుడిగా చూడాలన్నది మార్షల్ వాదం. పేరులోని చమత్కారం వెనక ఉన్న డిమాండు అదే.

ఒక అభ్యంతరం

యువ పాఠకులు ఇక్కడ అడ్డు తగలవచ్చు. వెయ్యి ఇళ్ళ కోసం గీసినవాణ్ణి మ్యూజియం గోడకెక్కించడం గౌరవమా, స్వాధీనం చేసుకోవడమా? ఈ అనుమానం న్యాయమైనదే. ‘బ్లాక్ పోప్’ను న్యూయార్క్ మ్యూజియం కొన్నది 2013లో, వైట్ పోయిన ముప్పైనాలుగేళ్ళకు. అంతకంటె చేదు ఉదాహరణ మరొకటుంది. హారియెట్ టబ్‌మన్ బానిసత్వం నుంచి తప్పించుకున్నప్పుడు ఆమెను పట్టి తెచ్చినవారికి బహుమానమిస్తామని 1849లో పత్రికలో ప్రకటన వేశారు. ఆమెను వైట్ 1965లో ‘జనరల్ మోజెస్’ పేరుతో గీశాడు. లాస్ ఏంజెలిస్‌లో నల్లజాతివారే నడిపిన ఒక బీమా కంపెనీ ఆ చిత్రాన్ని తన సేకరణలో పెట్టుకుంది. 2007లో ఆ సేకరణ వేలానికి వచ్చింది. ‘జనరల్ మోజెస్’ కూడా అమ్ముడుపోయింది. తలకు వెల కట్టడాన్ని ధిక్కరించిన మనిషి బొమ్మకు వేలంపాటలో మళ్ళీ వెల కట్టారు. మార్కెట్టు తనను తిట్టిన చిత్రాన్ని కూడా కొనుక్కోగలదు.

అయినా నేను హామన్స్, మార్షల్ పక్షానే ఉంటాను. మ్యూజియం ఒక పాఠ్యపుస్తకం. అందులో లేనివాడు లేనట్టే అని తర్వాతి తరం పిల్లలకు అది నేర్పుతుంది. ‘డగ్లస్ ఎందుకు లేడు’ అని వైట్ అడిగిన ప్రశ్ననే ఆయన శిష్యులు ‘వైట్ ఎందుకు లేడు’ అని అడిగారు. ఈసారి నోరు మూసుకుని కూర్చోమనడం ఎవరికీ సాధ్యం కాలేదు. కారణం ఈ ఇద్దరూ వినయంగా వెనక నిలబడి అడగలేదు. తమ సొంత పనితో మ్యూజియం లోపలికి వచ్చి, అక్కడ సంపాదించుకున్న చోటులోంచి గురువుకు చోటిచ్చారు. ఒకడు లోపలికి వెళ్ళి నేర్చుకున్నది తెచ్చి అందరికీ పంచాలన్న చికాగో గిల్డు కట్టుబాటు, ఎనభై ఏళ్ళ తర్వాత ఇలా నెరవేరింది.

2019లో లాస్ ఏంజెలిస్‌లో మరొక చిన్న ప్రదర్శన జరిగింది. వైట్ పాఠాలు చెప్పిన చోటు నుంచి ఓటిస్ వెళ్ళిపోయాక అక్కడ ఒక ప్రాథమిక పాఠశాల వెలిసింది. దాని పేరు చార్లెస్ వైట్ ఎలిమెంటరీ స్కూల్. ఆ బడి ఆవరణలోని గదిలో వైట్ చిత్రాలనూ, ఆయన శిష్యుల చిత్రాలనూ కలిపి పెట్టారు. చికాగో, న్యూయార్క్ ప్రదర్శనలకంటె దీన్నే నేను పెద్ద గౌరవంగా లెక్కిస్తాను. అక్కడ గురువు ఒంటరిగా పీఠం మీద లేడు. తాను పెంచిన పని మధ్యలో ఉన్నాడు.

మన పత్రికలు కూడా పెద్దల మీద ప్రత్యేక సంచికలు తెస్తున్నాయి. మంచి పనే. అయితే వాటిలో సంస్మరణలు ఎక్కువ, పరిశీలన తక్కువ. పెద్దాయన ఎంత మంచివాడో నలుగురు రాస్తారు. ఆయన ఒక వాక్యాన్ని ఎలా కట్టాడో ఒక్కరూ రాయరు. ఆయన్ని పక్కన పెట్టినవారెవరో, ఏ ప్రమాణం పేరుతో పెట్టారో అడగడానికి మొహమాటపడతాం. ఆయనలాగే రాయడం భక్తి అనుకుంటాం. హామన్స్, మార్షల్ వైట్‌ను అనుకరించి ఉంటే ఆయన ఇంకా వెనక్కి పోయేవాడు, ఒక పాత శైలికి మూలపురుషుడిగా. ఆయన ప్రశ్నను తీసుకుని తమ కాలపు సాధనాలతో మళ్ళీ అడిగారు గనుకే ఆయన ముందుకు వచ్చాడు. ఈసారి ప్రత్యేక సంచిక తలపెట్టే మిత్రులు ఆ పెద్దాయన చిత్తుప్రతుల్ని, కొట్టివేతల్ని, సగంలో ఆగిన రచనల్ని కూడా అచ్చువేయాలని నా మనవి. మార్షల్‌కు దారి చూపినవి పూర్తికాని బొమ్మలే.